మేస్త్రి జేబులో గొంతు

సోనారిలో మా ఇంటి ముందుగదికి ఆదివారం పూట సోల్డరింగ్ ఐరన్లు పట్టుకుని వచ్చే మీ అందరికీ ఈ మధ్య సూపర్ కెపాసిటర్ల పిచ్చి పట్టుకుంది. ఒకరు దాంతో సైకిల్ లైటు చేస్తానంటారు, ఇంకొకరు బ్యాటరీ చచ్చిన స్కూటర్ స్టార్ట్ చేస్తానంటారు. బొటనవేలికంటే కాస్త లావుగా ఉండే ఆ డబ్బాను చేతిలో తిప్పుతూ, "ఆంటీ, ఇదీ బ్యాటరీయేనా?" అంటారు. కాదు. బ్యాటరీ నిదానంగా తింటుంది, నిదానంగా ఖర్చుపెడుతుంది. ఇది చూస్తుండగానే నిండుతుంది, అడిగితే ఉన్నదంతా ఒక్కసారే ఇచ్చేస్తుంది. దాచుకునేది మాత్రం కొంచెమే. ఆ కొంచెంతో ఏం పని జరుగుతుందని మీలో ఒకమ్మాయి పోయిన వారం అడిగింది. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. నోటితో చెబితే నాకు సగం తప్పిపోతుంది. అందుకని రాస్తున్నాను.

నేను పనిచేసింది గమ్హరియాలో ఒక ఫోర్జింగ్ కార్ఖానాలో. ఎర్రగా కాల్చిన ఇనుప దిమ్మను అచ్చు మీద పెట్టి, పెద్ద సుత్తి యంత్రంతో కొట్టి, లారీలకూ ట్రాక్టర్లకూ భాగాలు తయారుచేసే చోటు. కొలిమిల వేడి కొలిచే మీటర్లు, ప్రెషర్ గేజీలు, కంట్రోల్ ప్యానెళ్లు పాడైతే బాగుచేయడం నా పని. సెక్షన్‌లో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మొదట్లో అది నాకు ఇబ్బంది, తర్వాత వాళ్లకు ఇబ్బంది, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు.

సుత్తి యంత్రాలుండే విభాగాన్ని సుత్తి షాపు అనేవాళ్లం. దానికి ఒక మేస్త్రి ఉండేవాడు. మా నాన్నలాగే ఆయన తండ్రీ శ్రీకాకుళం వైపు నుంచి పనికోసం వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు. మేమిద్దరం భాలుబాసాలోనే పెరిగాం, వేరువేరు వీధుల్లో. నన్ను "సెల్లీ" అనేవాడు, నేను "అన్నా" అనేదాన్ని. ఆయన గొంతు గురించి కార్ఖానాలో కథలు చెప్పుకునేవారు. సుత్తి పడుతున్నప్పుడు పక్కనున్నవాడి మాట మనకు వినపడదు. ఈయన కేక మాత్రం షాపు ఆ చివరనుంచి ఈ చివరకు వచ్చేది. "అరే రుక్, రుక్! ఆపండ్రా బాబూ!" అని సగం హిందీ, సగం తెలుగు. ఆ కేకకు మనుషులే కాదు, యంత్రాలు కూడా ఆగుతాయని నవ్వుకునేవాళ్లం.

ఖైనీ పొగాకు నమిలే అలవాటు ఆయనకు చిన్నప్పటినుంచీ ఉండేది. గొంతు బొంగురుపోతే జలుబన్నాడు, దుమ్మన్నాడు. చివరకు ఆసుపత్రిలో చేరేసరికి గొంతులోని స్వరపేటిక మొత్తం తీసేయాల్సి వచ్చింది. ప్రాణం దక్కింది. మెడ కింద ఊపిరి పీల్చుకోవడానికి ఒక రంధ్రం, దానిమీద గుడ్డ. కొన్నాళ్ల సెలవు తర్వాత డ్యూటీకి వచ్చినప్పుడు చేతిలో టార్చిలైటు లాంటి యంత్రం ఒకటి ఉంది. దాన్ని దవడ కింద ఆనించి బటన్ నొక్కితే ఝుమ్మని మోగుతుంది. ఆ మోత గొంతు చర్మంలోంచి నోట్లోకి వెళ్తుంది. నాలుక, పెదవులు కదిపి దాన్ని మాటలుగా మలుచుకోవాలి. మాట వస్తుంది గాని ఎత్తూ పల్లం ఉండదు. కోపమైనా ప్రేమైనా ఒకే రాగం. మావాళ్లు దానికి వెంటనే 'భోంపూ', అంటే హారన్, అని పేరు పెట్టేశారు.

షాపులో కేకలు పోయి చేతి సైగలు మిగిలాయి. క్రేన్‌కు సిగ్నల్ ఇవ్వడం ఎలాగూ చేత్తోనే కదా. మేస్త్రి పోస్టులోనే ఉంచారు. ఆయన పనితనం అలాంటిది.

భోంపూలోని బ్యాటరీతోనే చిక్కొచ్చింది. రాత్రంతా ఛార్జి పెడితే మధ్యాహ్నానికి ముగిసిపోయేది. దాన్ని తయారుచేసిన కంపెనీ నుంచి కొత్తది తెప్పించాలంటే ఆ మోడలే ఆగిపోయిందన్నారు. నేను వేరే సెల్స్ తెచ్చి అతికాను. కొలిమి వేడికి అవి పూరీల్లా ఉబ్బాయి. రెండోసారీ అంతే. ఒకరోజు ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, బటన్ నొక్కినా మోగని యంత్రాన్ని ముందు పెట్టి, చేత్తో తన నోరు చూపించి, తాళం వేసినట్టు వేళ్లు తిప్పాడు. నవ్వుతూనే చేశాడు. నాకు నవ్వు రాలేదు.

నేను ఇంట్లో సరదాకు సర్క్యూట్లు చేసుకునేదాన్ని. కొన్ని సూపర్ కెపాసిటర్లు బొమ్మ రైలు కోసం తెప్పించి పెట్టుకున్నాను. వేడిని తట్టుకుంటాయి, నిమిషంలో నిండుతాయి, వేలసార్లు నింపినా అలసిపోవు. ఇవెందుకు పనికిరావనుకున్నాను. ఎందుకు పనికిరావో ఒక్కొక్కటే తెలిసింది.

ఖాళీ కెపాసిటర్‌ను నేరుగా అడాప్టర్‌కు తగిలిస్తే, అడాప్టర్ దాన్ని షార్ట్ సర్క్యూట్ అనుకుంటుంది. మంచి అడాప్టరైతే ఆగిపోతుంది. నాది ఆగలేదు, కాలింది. కరెంటుకు కళ్లెం వేయాలని అలా నేర్చుకున్నాను. తర్వాత రెండు కెపాసిటర్లు వరసగా కలిపాను. రెండూ ఒకే పేరు, ఒకే కొలత. అయినా ఒకటి తన వాటాకన్నా ఎక్కువ వోల్టేజి తీసుకుని నెత్తిమీద బొడిపె కట్టింది. గదంతా ఒక ఘాటు వాసన. రెండింటికీ సమంగా పంచే రెసిస్టర్లు పెట్టకుండా మీరెవ్వరూ ఈ పని చేయకండి. చేతి గాజులు తీసేసి మరీ చేయండి. నా గాజు ఒకటి కెపాసిటర్ రెండు కాళ్లకూ ఒకేసారి తగిలి, టప్పుమని మెరిసి, అంచు కరిగిపోయింది. చెయ్యి బతికింది.

ఇవన్నీ సరిచేసి ఆయన చేతికిస్తే, మాట మొదట గట్టిగా ఉండి, కెపాసిటర్ ఖాళీ అయ్యేకొద్దీ సన్నబడిపోయేది. ఆయన పరీక్ష చేసి తీర్పు చెప్పాడు: "మొదట్ల పులి, ఆఖర్ల పిల్లి. ఇదేటి సెల్లీ?"

వోల్టేజి పడిపోతున్నా చివరిదాకా ఒకేలా అందించే చిన్న బూస్టర్ సర్క్యూట్ కలిపాను. ఇప్పుడు మాట చివరిదాకా పులే. కాని చెప్పాపెట్టకుండా వాక్యం మధ్యలో తెగిపోయేది. దానికొక ఎర్ర బల్బు పెట్టాను. అది వెలిగితే ఒకటి రెండు మాటలకే చోటుందని అర్థం. మొత్తం సబ్బుపెట్టెలో అమిరింది. చొక్కా జేబులో పెట్టుకుని తీగ భోంపూకు తగిలించుకోవాలి. ఒకసారి నింపితే నాలుగైదు నిమిషాల మాట. షాపులో మూడు చోట్ల ఛార్జర్లు తగిలించాను. ఆయన వాటిని 'పంపులు' అనేవాడు. నీళ్లు పట్టుకున్నట్టు మాటలు పట్టుకుని వెళ్లేవాడు.

అప్పుడే ఆ ప్రమాదం జరిగింది.

బరువైన ఇనుప అచ్చును క్రేన్‌తో ఎత్తుతుండగా దానికి కట్టిన తీగతాడు తెగింది. అచ్చు నేలమీద పడి పక్కకు ఒరిగి ఒక హెల్పర్ పాదాన్ని నలిపింది. అతను బతికాడు, నడుస్తున్నాడు, కాస్త కుంటుతాడు. క్రేన్ నడిపినామె కాంట్రాక్టు మనిషి. ఒడిశా సరిహద్దు వైపు ఊరు, ఇద్దరు పిల్లలు, క్రేన్ మీద చెయ్యి చాలా కుదురు. నేను క్యాబిన్ మీటర్ మార్చడానికి పైకెక్కినప్పుడల్లా చెమట తుడుచుకోమని తన తువ్వాలు ఇచ్చేది. సిగ్నల్ రాకుండానే ఆమె ఎత్తిందని రాసి, మరుసటి రోజే గేటు బయట నిలబెట్టేశారు.

సిగ్నల్ ఇవ్వాల్సినవాడు మేస్త్రి. ఆయన నిలబడ్డ చోటు కెమెరాకు కనపడదు, ప్రెస్సు యంత్రం అడ్డం. గాయపడిన హెల్పర్ అటు తిరిగి ఉన్నాడు. కాబట్టి సిగ్నల్ వచ్చిందో లేదో తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు ఆమె, ఇంకొకరు ఈయన.

విచారణకు బయటినుంచి ఒక అధికారిని పిలిపించారు. దానికి ముందురోజు షాపు మేనేజరు మేస్త్రిని పిలిచి కూర్చోబెట్టాడు. నేను పక్కగదిలో ప్యానెల్ విప్పుతున్నాను, తలుపు తెరిచే ఉంది. మేనేజరు చెడ్డవాడు కాదు. ఆపరేషన్ అప్పుడు ఆసుపత్రికి రెండుసార్లు వెళ్లొచ్చినవాడు. "మీరు కష్టపడి మాట్లాడక్కర్లేదు. మీ వాంగ్మూలం హిందీలో టైపు చేయించాం. అధికారి చదివి వినిపిస్తారు, మీరు తలూపితే చాలు" అన్నాడు.

ఆయన హిందీ ధారాళంగా మాట్లాడతాడు, కాని రాయలేడు. చదువుకున్నది తెలుగు బడిలో. రాసి చెప్పే దారి లేదు. నోటితో చెప్పాలి, లేదా తలూపాలి.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను, పెట్టె ఒకసారి చూద్దామని. వాళ్లావిడ టీ తెచ్చి, కూర్చోకుండా నిలబడింది.

"నువ్వైనా సెప్పమ్మా. దేవుడు నోరు తీసేసినాడు, మల్లీ మాట్టాడతానంటాడేటి? తలూపేసి వొచ్చేయమను. రిటైరయ్యేదాకా ఆస్పత్రి కావాల, మందులు కావాల. ఆ క్రేను మనిషి మనకేటవుద్ది?"

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. గొంతు ఆపరేషన్ తర్వాత పరీక్షలన్నీ కంపెనీ ఖర్చుతోనే జరుగుతున్నాయి. నేను పెట్టె మూత విప్పుతూ కూర్చున్నాను.

మేస్త్రి భోంపూను దవడ కింద పెట్టుకున్నాడు. "సిగ్నల్ నానే ఇచ్చినాను."

ఆవిడ ఆయన వంక చూసింది. ఆ సంగతి ఆమెకు అప్పటిదాకా తెలియదు. నాకూ తెలియదు.

"తాడు అరిగిపోనాదని నాకు తెల్సు. మార్చమని సెప్పినాను, మల్లీ సెప్పినాను. ఆ దినం ఫోన్ల 'ఈ ఒక్కసారికి కానీ' అన్నారు. అన్నది ఆళ్లే, చెయ్యెత్తింది నాను." ఎర్ర బల్బు వెలిగింది. ఇంకో రెండు మాటలకు చోటుంది. "ఆమెది తప్పునేదు."

మోత ఆగింది. వాళ్లావిడ లోపలికి వెళ్లి ఛార్జర్ తెచ్చి నా చేతికిచ్చింది. "సరింగా పనిచేత్తాదా ఇది? రేపు మజ్జెలో ఆగిపోతే?" అంది.

ఆగిపోతుందని నాకు తెలుసు. నాలుగైదు నిమిషాల గొంతుతో విచారణ నడవదు. ఇంకో జత కెపాసిటర్లు కలిపితే ఎక్కువసేపు వస్తుంది, కాని పరీక్షించని కొత్త జతను రేపటికి నమ్ముకోలేను. ఉన్నదాన్నే శుభ్రం చేసి, ప్రతి అతుకూ మళ్లీ కాల్చి, ఛార్జర్ నాతోపాటు తెస్తానన్నాను.

మరుసటి రోజు విచారణ గదిలోకి నన్ను యంత్రం చూసుకునే మనిషిగా రానిచ్చారు. పొడవాటి బల్ల. ఒక చివర అధికారి, నెరసిన జుట్టు, కళ్లద్దాలు. పక్కన మేనేజరు, కాంట్రాక్టరు. ఇటువైపు మేస్త్రి. గోడవారగా కుర్చీలో క్రేన్ ఆపరేటర్, ఒళ్లో చేతులు బిగించుకుని. నేను ప్లగ్గు పాయింటు దగ్గర.

అధికారి టైపు చేసిన కాగితం చదివాడు. "సిగ్నల్ ఇవ్వకముందే ఆపరేటర్ లోడు ఎత్తింది." కళ్లద్దాల మీదుగా చూసి, హిందీలో మర్యాదగానే అడిగాడు, "ఇది నిజమేనా? మీరు తలూపితే చాలు."

మేస్త్రి భోంపూ పైకెత్తాడు. "నహీ. సిగ్నల్ మైనే దియా థా." కాదు, సిగ్నల్ నేనే ఇచ్చాను.

ఆ యంత్రపు గొంతు మొదటిసారి విన్నవాళ్లకు మాటలు వెంటనే అందవు. అధికారి ముందుకు వంగి, "ఫిర్ సే కహియే" అన్నాడు. మేస్త్రి మళ్లీ చెప్పాడు. మూడోసారికి గాని ఆయనకు అందలేదు. పలికిందే మళ్లీ పలకడంలో ఛార్జి ఖర్చవుతోంది. తర్వాత తాడు సంగతి మొదలుపెట్టాడు. ఎప్పుడు చూశాడు, ఎక్కడ నారలు తెగి ఉన్నాయి. అధికారి ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. ప్రతిదానికీ జవాబు. తాడు మార్చమని ఎవరికి చెప్పారు అని అధికారి అడిగేసరికి, అప్పటికే వెలుగుతున్న ఎర్ర బల్బు కూడా ఆరిపోయింది. మేస్త్రి నోరు కదిపాడు. మోత లేదు.

మేనేజరు వెంటనే అందుకున్నాడు. "సార్, ఆయన ఆరోగ్యం చూస్తున్నారు కదా. ఇక్కడితో ఆపేద్దాం. ముఖ్యమైనది వచ్చేసింది. సిగ్నల్ ఆయనే ఇచ్చానన్నారు, రాసుకోండి."

అంటే తప్పు ఇప్పుడు క్రేన్ ఆమె మీదనుంచి మేస్త్రి మీదకు జరిగింది. తాడు మాట అక్కడే ఉండిపోయింది.

నేను నిలబడ్డాను. ఆ గదిలో మాట్లాడే హక్కు నాకు లేదు. "సార్, ఒక్క నిమిషం ఛార్జి పెడితే ఆయన మాట్లాడగలరు. ఒక్క నిమిషమే" అన్నాను. నా గొంతు వణికింది. గొంతున్నవాళ్లకే ఆ ఇబ్బంది.

అధికారి నన్ను, పెట్టెను, గోడ మీది ప్లగ్గును చూశాడు. "లగాయియే" అన్నాడు, పెట్టమని.

తీగ తగిలించాను. ఆ నిమిషం ఎంత పొడవో మీకు ఎలా చెప్పను? ఎవరూ కదల్లేదు. దూరంగా షాపులో సుత్తి పడుతోంది, పడినప్పుడల్లా బల్ల మీద నీళ్లగ్లాసు అదురుతోంది. మేనేజరు ఫోన్ తీసి మళ్లీ పెట్టేశాడు. మేస్త్రి తల వంచలేదు. ఆయన మేనేజరు వంకే చూస్తున్నాడు. కోపంగా కాదు. ఆసుపత్రికి పళ్లు తెచ్చిన మనిషిని చూసినట్టే చూస్తున్నాడు. మామూలుగా ఎవరైనా ఆ సమయంలో ఏదో ఒకటి మాట్లాడి మాట మళ్లించేవారు. అవతలివాడికి నోరు లేని ఆ నిమిషంలో తాము మాట్లాడటం ఎవరికీ చేతకాలేదు.

ఛార్జర్ మీద పచ్చ బల్బు వెలిగింది. మేస్త్రి భోంపూ తీసుకునేలోపే మేనేజరు తల దించుకుని అన్నాడు, "తాడు సంగతి నాకే చెప్పారు సార్. రెండుమూడు సార్లు చెప్పారు. ఆ రోజు ఎత్తమని ఫోన్ చేసింది నేనే. నాకు పైనుంచి తొందర."

అధికారి పెన్ను ఆగింది. తర్వాత రాసుకున్నాడు. మేస్త్రిని చూసి, "మీరింకేమైనా చెప్పాలా?" అని అడిగాడు.

ఆయన దగ్గర నిండా ఛార్జి ఉంది. తనను కాపాడుకునే మాట ఏదైనా చెప్పుకోవచ్చు. గోడవారగా ఉన్న క్రేన్ ఆమె వైపు తిరిగి, "బేటీ, మాఫ్ కర్నా" అన్నాడు. క్షమించమని. ఆమె కొంగుతో మొహం కప్పుకుంది.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెప్తాను. తాళ్లన్నీ మార్చారు. క్రేన్ ఆపరేటర్ మళ్లీ క్యాబిన్ ఎక్కింది. మేనేజరును వేరే యూనిట్‌కు పంపారు. మేస్త్రికి హెచ్చరిక రాసిచ్చి షాపునుంచి తీసి స్టోర్‌లో కూర్చోబెట్టారు. మిగిలిన సర్వీసంతా నట్లు, బోల్టులు అందిస్తూ గడిపాడు. ఆసుపత్రి ఖర్చు ఆగలేదు. షాపుకు దూరం చేసినందుకు బాధపడ్డాడా అని అడిగితే, "స్టోర్ల ఫ్యానున్నాది సెల్లీ" అన్నాడు. బాధపడ్డాడని నాకు తెలుసు. భోజనం వేళ సుత్తి షాపు గుమ్మం దాకా వెళ్లి నిలబడి వచ్చేవాడు.

ఇంతకూ నేను నేర్చుకున్నది చెప్పాలి కదా. ఆ రోజు నా యంత్రం సరిగ్గా పనిచేయలేదు. కావాల్సిన సమయంలో చాల్లేదు. ఇంజనీరింగ్ లెక్కన అది ఓటమే. తర్వాత నాలుగు కెపాసిటర్లతో పెద్దది చేశాను. కాని ఆ మనిషి ముందే మనసులో నిశ్చయించుకుని వచ్చాడు. నా పెట్టె మోసింది ఆయన మాటను మాత్రమే. ఈ తేడా మరిచిపోతే మనం చేసిన వస్తువులంటే మనకే గర్వం ఎక్కువైపోతుంది.

ఆసుపత్రిలో ఆయన్ను చూసిన డాక్టరమ్మ పెట్టె సంగతి విని, అలాంటి ఇబ్బందే ఉన్న మరో ఇద్దరిని నా దగ్గరకు పంపింది. నేను రిటైరయ్యాక, ఒకరోజు మధ్యాహ్నం ముగ్గురూ ఒకేసారి మా ఇంటికి వచ్చారు. మేస్త్రి, సాక్చి బజార్లో కూరగాయలు అమ్మే ఒకాయన, పళ్లకు రుద్దుకునే గుడాకు పొగాకు అలవాటుతో గొంతు పోగొట్టుకున్న ఒక పెద్దావిడ. ఆమె వెంట భర్త. ఏడాదిగా ఆమె బదులు ఆయనే అందరికీ జవాబులు చెబుతున్నాడు. నేను ఆమెను ఏదడిగినా, "దానికదంటే ఇష్టమండీ" అనో, "దానికదొద్దండీ" అనో ఆయనే చెప్పేశాడు.

పెట్టె ఆమె భోంపూకు తగిలించి, ఎలా పట్టుకోవాలో మేస్త్రి దగ్గరుండి చూపించాడు. టీలు ఇచ్చాను. ఆమె ఒక గుక్క తాగి, కప్పు కింద పెట్టి, భోంపూ దవడ కింద ఆనించి, జాగ్రత్తగా బటన్ నొక్కింది.

"యేడాది నించీ సూత్తన్నా. ఈయన నా టీల మూడు సెంచాల పంచదార ఏత్తన్నాడు. నాకు పంచదార పడదు."

అప్పుడు ముగ్గురూ నవ్వారు. స్వరపేటిక లేనివాళ్ల నవ్వుకు శబ్దం ఉండదు. భుజాలు ఎగిరిపడతాయి, కళ్లనిండా నీళ్లొస్తాయి, అంతే. కూరగాయలాయన తొడ మీద చరుచుకుంటున్నాడు. మేస్త్రి గోడకు తల ఆనించి ఊగిపోతున్నాడు. ఆ గదిలో వినపడేలా నవ్వింది భర్త ఒక్కడే. నవ్వుతూనే ఆమె కప్పు తీసుకుని, పంచదార లేకుండా ఇంకోటి పెట్టడానికి మా వంటింట్లోకి నడిచాడు.